చెరిగిపోయిన నాలుగువందల పన్నెండు పేజీలు

ఫ్యాను ఆగిపోయింది. "రెండైంది," అన్నాడు పరశురామ్ గడియారం వైపు చూడకుండానే.

పత్తిబజారుకు రోజూ మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయి నాలుగింటికి వచ్చేది. డాబా ఎక్కితే థర్మల్ స్టేషన్ పొగ కనిపించే రాయచూరే అయినా కోత తప్పేది కాదు. పరశురామ్ పాతికేళ్లు కరెంటు దొంగల్ని పట్టే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాడు. ప్రశ్న అడిగేటప్పుడు ఈయన ఎదుటివాళ్ల మొహం కాకుండా చేతులు చూస్తాడేమిటా అని సహాయకురాలు వసంతలక్ష్మికి నాలుగేళ్లుగా ఆశ్చర్యమే.

ఆ ఉక్కలోనే మెట్లెక్కి వచ్చాడు సూర్యప్రకాశ్. పత్తి వ్యాపారి. రెండు నెలల కిందట ఒక్కగానొక్క కొడుకు సాత్విక్ మోటార్ సైకిల్ మీద వస్తూ థర్మల్ స్టేషన్ బూడిద మోసే లారీ కింద పడి చనిపోయాడు. ఆనాటి నుంచి ఈయన మెడలో బలం లేనట్టు తల వాల్చుకునే తిరుగుతున్నాడు.

"పరశురామన్నా, నా కొడుకు కష్టాన్ని ఎవరో పొట్టన పెట్టుకున్నరు," అని కూర్చున్నాడు.

సాత్విక్ బజారులో వెబ్‌సైట్లు తయారుచేసే దుకాణం పెట్టాడు. థర్మల్ స్టేషన్‌కు భూములిచ్చిన కుటుంబాల సంఘం వాళ్లు అతనికి పెద్ద పని అప్పజెప్పారు. కుటుంబానికో పేజీ. ఎవరి భూమి ఎంత పోయింది, ఇప్పుడు ఎక్కడున్నారు, ఇంటి ముందు నిలబడ్డ ఫోటో. మొత్తం పదకొండువందల ఎనభై ఆరు పేజీలు. వచ్చే సోమవారం అధికారులు ఆ పేజీలు చూసి ఇళ్ల స్థలాల జాబితా ఖాయం చేస్తారు. నిన్న సంఘం పెద్ద నింగప్ప తన పేజీ చూద్దామని వస్తే, ఫోటో ఉంది, అక్షరం లేదు. పేరు మొదలుకొని అంతా ప్రశ్నార్థకాలే. వెతికితే నాలుగువందల పన్నెండు పేజీలు అట్లాగే ఉన్నాయి.

"ఎవరి మీద అనుమానం?"

"అర్పిత మీద. యాపలదిన్ని ఊరి పిల్ల, దుకాణంల పనిచేస్తది. తాళాలు, పాస్‌వర్డ్ అన్నీ దాని చేతిలనే. ఖరాబైన పేజీల తారీఖులు తీస్తే ఒక్క ఆదివారం గూడ లేదు. ఆదివారం దానికి సెలవు. ఇంకేం కావాలె? నిన్ననే వెళ్లగొట్టిన. మీరు రుజువు చూపిస్తే ఠాణాల ఫిర్యాదు ఇస్త."

అని ఆయన బల్ల మీది ఫోన్ తీసి ఇంటికి తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని విసుగ్గా దించాడు.

"మళ్ల ఎంగేజే. నెలరోజులైంది, ఈ టైంల ఎప్పుడు జేసినా గిట్లనే. లింగసుగూరుల చెల్లెలున్నది మా ఆమెకు. ఏడుస్తూ మాట్లాడుకుంటుంటరు. మాట్లాడనీ అని నేనూ ఊకున్న."

"మీ ఇంటి వైపు ఇప్పుడు కరెంటు ఉందా?"

"స్టేషన్ రోడ్డుకు పొద్దుగాల పోతది గదా. ఇప్పుడుంటది. ఎందుకన్నా?"

"ఉక్కపోస్తోంది, అందుకు," అన్నాడు పరశురామ్.

నాలుగింటికి కరెంటు వచ్చాక దుకాణానికి వెళ్లారు. కబురుపెడితే అర్పిత వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. రెండో కంప్యూటర్ దగ్గర తిరుమలేశ్ అనే పనివాడు గోళ్లు కొరుకుతున్నాడు.

"నాకు కంప్యూటర్ రాదు తల్లీ," అన్నాడు పరశురామ్. "చిన్నపిల్లోడికి చెప్పినట్టు చెప్పు."

అర్పిత గొంతు సవరించుకుంది. "పది పేజీల సైటుకు ఏ సాఫ్ట్‌వేర్ అయినా నడుస్తది సార్. వెయ్యి పేజీలంటే నడవదు. సాత్విక్ అన్న మూడు నెలలు అన్నీ చూసి చూసి ఒక్కటి ఎంచిండు. దాంట్ల అన్ని పేజీలకు అచ్చు ఒక్కటే ఉంటది, ఇటుకల అచ్చు లెక్క. పైన సంఘం పేరు, కింద అడ్రసు అచ్చుల మారిస్తే వెయ్యి పేజీలల్ల మారిపోతది. కన్నడం, తెలుగు ఏదన్న పడ్తది. ఉచితంగా వచ్చే ఇంకోటి ఉన్నది. దాంట్ల ఏ పేజీకి ఆ పేజీనే తెరవాలె. మన అక్షరాలు దానికి తెల్వవు. చూపెట్టేటప్పుడు మంచిగనే చూపెడ్తది గని, సేవ్ కొడితే ప్రశ్నార్థకాలు చేస్తది."

"ఖరాబైన పేజీలు దేంట్లో సేవ్ అయ్యాయి?"

"ఆ ఉచితందాంట్ల. అది ముట్టుకున్న ప్రతి పేజీ లోపల దాని పేరు రాసిపెడ్తది."

సూర్యప్రకాశ్ తిరుమలేశ్ వైపు గిరుక్కున తిరిగాడు. "అది నీ సాఫ్ట్‌వేరే గదరా! దాని కోసమే గద నా కొడుకుతోటి కొట్లాడినవు!"

"కొట్లాడిన మాట నిజమే సావుకార్. చేతికి అలవాటైంది గదా అని మొండికేసిన," అన్నాడు తిరుమలేశ్, ఏడుపు గొంతుతో. "గని అన్న చెప్పిన రోజే తీసేసిన. రెండు కంప్యూటర్లూ ఎతికి చూసుకోండి. ఉంటే చెప్పు తీసుకొని కొట్టండి."

వెతికారు. లేదు. మంచి కాపీ ఏదైనా మిగిలిందా అంటే అదీ లేదు. సర్వర్‌లో ఏది ఉంటే అదే రోజూ పొద్దున దుకాణం కంప్యూటర్‌లోకి దిగేటట్టు సాత్విక్ ఏర్పాటు చేసిపెట్టాడు. చెడ్డవి వచ్చి మంచివాటి మీద కూర్చున్నాయి. చివరి ఊళ్ల పేజీల పనిలో పడి వెనకటివి ఎవరూ తెరవలేదు.

"ఒక్క ప్రశ్న," అన్నాడు పరశురామ్ లేస్తూ. "నీకు ఈ సైటు పాడుచేయాలని బుద్ధి పుడితే ఎంతసేపు పడుతుంది?"

అర్పిత వేలికున్న చున్నీ విప్పుకుంది. "అచ్చుల ఒక్క గీత చెరిపేస్త సార్. నిమిషం గూడ పట్టదు."

ఏ పేజీ ఎప్పుడు మారిందో సర్వర్ తీసి ఇచ్చిన జాబితాతో వసంతలక్ష్మి మర్నాడంతా కూర్చుంది. ముప్పై ఒక్క రోజులు. రోజుకు పదమూడు, పద్నాలుగు పేజీలు. టైము చూసి ఆమె జాబితా పరశురామ్ ముందుకు తోసింది.

"సార్! అన్నీ మధ్యాహ్నం రెండుకూ నాలుగుకూ మధ్యే! అప్పుడు దుకాణంలో కరెంటే ఉండదు కదా!"

"ఉండదు. ఇంకా?"

"పేజీకీ పేజీకీ మధ్య ఐదు నిమిషాలు. కొన్నింటి దగ్గర మాత్రం ఇరవై, ఇరవై ఐదు."

"ఆ కొన్ని తెరువమ్మా."

తెరిచింది. ఇంటి ముందు ఒక ముసలామె, పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు. మేకపిల్లను ఎత్తుకున్న రైతు. గుమ్మంలో అక్కాచెల్లెళ్లు. ఎందుకు తెరవమన్నాడో వసంతలక్ష్మికి అర్థం కాలేదు. పదో ఫోటో దగ్గర పరశురామ్ తెర మీద వేలు పెట్టాడు. ముసలామె పాదాల దగ్గర, రైతు చెప్పుల దగ్గర, గడప ముందు, సాయంత్రపు ఎండలో పొడుగ్గా పడిన ఒక నీడ. భుజాన సంచి. రెండు మోచేతులూ పైకెత్తి కెమెరా పట్టుకున్న మనిషి నీడ.

"చెడగొట్టేవాడు ఆగి ఇరవై నిమిషాలు చూడడు వసంతమ్మా," అన్నాడు పరశురామ్.

శుక్రవారం ఉదయం అందరినీ సూర్యప్రకాశ్ ఇంటికే రమ్మన్నాడు. నింగప్ప రుమాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అర్పిత గోడకు ఆనుకుని నిలబడింది. సూర్యప్రకాశ్ భార్య కమలాక్షి టీ గ్లాసులు పెట్టి లోపలికి పోబోతుంటే పరశురామ్, "నువ్వూ ఉండు చెల్లెమ్మా," అన్నాడు.

"ముందు ఒక మాట. ఈ కథలో దొంగ లేడు." అందరి చేతులూ ఆగాయి. "పాడుచేయాలనుకున్నవాళ్లకు, పని తెలిస్తే, నిమిషం చాలు. ఈ పని చేసిన మనిషికి సాఫ్ట్‌వేర్ సంగతి తెలియదు. పేజీ తర్వాత పేజీ తెరుస్తూ నెల పైన కూర్చున్నారు. దుకాణంలో కాదు, అప్పుడక్కడ కరెంటు లేదు. కరెంటు ఉన్న ఇంట్లో, ఇంటి కంప్యూటర్‌కు ఫోన్ తీగ మీద ఇంటర్నెట్ పెట్టుకుని. ఆ రెండు గంటలూ ఆ ఇంటి ఫోన్ ఎంగేజే. ఇక ఆదివారం. ఆదివారం అర్పితకు సెలవు. అదే రోజు ఇంకొకరు ఇంట్లో ఉంటారు. సావుకారూ, ఆదివారం మీరెక్కడుంటారు?"

"ఇంట్లనే," అన్నాడు సూర్యప్రకాశ్. అన్నాక తల మెల్లగా భార్య వైపు తిరిగింది.

కమలాక్షి ఖాళీ పళ్లెం గుండెకు అదుముకుంది.

"నేనేం చెరపలే. చూసిన, అంతే. దుకాణంల కరెంటు పోతే వాడు ఇంట్ల కూసొని పేజీలు చూసుకుంటుండె. పాస్‌వర్డ్ కొట్టి ఎట్ల తెరవాల్నో నాకు చూపెట్టిండు, అమ్మా నేను చేసింది చూడుమని. వాడు పోయినంక చూసిన. ఫోటో తీసేటప్పుడు పడిన వాని నీడ కనబడె. ఇంకో దాంట్ల ఉన్నదా అని రోజు ఇన్ని తెరిచిన. మీరుంటే ఏడుస్తరని ఆదివారం ముట్టలే." ఆమె పళ్లెం బల్ల మీద పెట్టింది. "మూసేటప్పుడు ఏదో అడుగుతది. వాడు చెప్పిండు, సేవ్ అంటే ఉంచుకునుడు, అది నొక్కకుంటే చేసిందంత పోతదని. వాడు చేసింది పోవొద్దని... ప్రతిసారి నొక్కిన."

ఎవరూ టీ ముట్టలేదు. వసంతలక్ష్మి చేతిలోని జాబితా మడిచి సంచిలో పెట్టేసింది.

"వాడడిగిండు," అన్నాడు సూర్యప్రకాశ్. "ఇంటి కంప్యూటర్‌కు గూడ ఆ మంచిది తెస్త నాన్నా అని. ఉచితంగా వచ్చిందుంది గద, ఇంటికి ఇది చాలుతదిలే అన్న. నేనే అన్న." లేచి అర్పిత ముందు నిలబడ్డాడు, చేతులు జోడించబోయాడు. ఆ పిల్ల గబుక్కున ఆ చేతులు పట్టుకుంది.

"సావుకార్, వద్దు. అన్న ఉంటే ఊకోడు."

నింగప్ప రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సాకు సాకు, ఇక చాలు. ఏడ్చి లాభమేముంది? ఫోటోలు ఉండనే ఉన్నయి. నాలుగువందల మందిని నేను తోల్కొస్త. మా పేర్లు, మా భూములు మాకు నోటికి రావా? చెప్తం, మళ్ల రాసుకోండ్రి. సోమవారానికి అయినకాడికి అయితయి."

అర్పిత, తిరుమలేశ్ ఆ పూటే దుకాణం కంప్యూటర్ ఒకటి ఆ ఇంటికి మోసుకొచ్చారు. వెళ్లబోతూ పరశురామ్ గుమ్మంలో ఆగాడు. లోపల కమలాక్షి కుర్చీ పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, అర్పితను అడుగుతోంది.

"నేను చూడనివి ఎన్ని ఉన్నయి బిడ్డా?"

"ఏడువందల డెబ్బై నాలుగు, అమ్మా. కూసోండి. నేను తెరుస్త, మీరు చూడండి." అర్పిత కుర్చీ జరిపింది. "ఎంతసేపన్న చూడండి. మూసేది మాత్రం నేను మూస్త."