వెండికి పడనిది

"ఆ స్ట్రాంగ్‌రూమ్ తలుపు తెరుచుకుంటే నలభై మంది పోతారు," అన్నాడు చీఫ్. "శత్రుదేశంలో ఉన్న మన ఏజెంట్ల జాబితా లోపలుంది. దాని తాళంచెవి ల్యాబ్‌లో తయారవుతోంది. ఎవరో కన్నేశారు. నువ్వు టెక్నీషియన్‌గా వెళ్లు. నెమలి నీకు తోడుంటుంది."

వింటున్న ఏజెంట్ కోడ్‌నేమ్ ఉడుత. ఆ నలభై మందిలో అతని చెల్లెలుంది.

తాళంచెవి అంటే గోరంత ప్లాస్మానిక్ చిప్, పైన కంటికి కనపడనంత సన్నటి వెండి రేణువులు. కాంతి పడితే ఒకే ఒక నీలం రంగు చూపిస్తుంది. తలుపు గుర్తుపట్టేది ఆ నీలాన్నే.

మొదటి వారంలోనే ఉడుత చీవాట్లు తిన్నాడు. చిప్ డబ్బాకి రబ్బర్‌బ్యాండ్ వేశాడు మరి.

"బాబూ, రబ్బర్‌లో గంధకం ఉంటుంది. వెండికి అస్సలు పడదు, నల్లబడిపోతుంది," అంది ల్యాబ్ పెద్ద డాక్టరమ్మ.

"బంగారం వాడొచ్చు కదమ్మా?"

"నీలాన్ని అదే మింగేస్తుంది. వెండే గతి."

"పైన పాలిమర్ పూత ఉందిగా?"

"నీళ్లనాపుతుంది, గాలినాపదు. గట్టి పాలిమర్ వేస్తే రంగే మారిపోతోంది. ఏం చెయ్యమంటావ్?"

మూడో వారం, పార్కింగ్‌లో నెమలి నవ్వుతూ పిస్టల్ తీసింది. ఖరీదైన సెంటు వాసన గుప్పుమంది.

"సారీ ఉడుతా. అవతలివాళ్లకి ముందే మాటిచ్చాను."

వాచీలో కెమెరా, మడమలో రేడియో, చొక్కా గుండీలో మైకు, అన్నీ ఆమె మనుషులు వరసగా ఊడబెరికారు. అతన్ని వ్యాన్‌లో కట్టేసి, నోటికి టేపేశారు. నెమలి పసుపు రబ్బర్ గ్లౌజు వేలు కత్తిరించి, ల్యాబ్‌లో కొట్టేసిన చిప్‌ని గీతలు పడకుండా అందులో దూర్చి ముడేసింది.

ఉడుత కళ్లప్పగించి చూశాడు. టేపు లేకపోయినా నోరు విప్పేవాడు కాదు.

మధ్యాహ్నమంతా వ్యాన్ ఎండలోనే ఉంది. వెండి నల్లబడటానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలియదు. డాక్టరమ్మని ఆ ఒక్కటీ అడగనందుకు తనని తానే తిట్టుకున్నాడు. చిన్నప్పుడు చెల్లెలు ఏడిస్తే కనీసం ఎత్తుకునేవాడు. ఇప్పుడు చెయ్యే ఆడటం లేదు. ఇంత చేతకానివాణ్ణి నేనేనా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాలుగింటికి స్ట్రాంగ్‌రూమ్ దగ్గర కాపలావాళ్లు మత్తుమందుకి పడిపోయి ఉన్నారు. తలుపుకి ముందు ఇద్దరు ఏజెంట్ల అరచేతులు కావాలి. నెమలి తన చెయ్యి పెట్టింది. ఆమె మనిషొకడు ఉడుత చేతిని అద్దం మీద అదిమాడు. పెనుగులాడినా లాభం లేకపోయింది. రెండు పచ్చదీపాలు వెలిగాయి.

నెమలి ముడి విప్పి చిప్‌ని చూడకుండానే లోపలికి నెట్టింది. కాంతి పడింది. ఒక క్షణం. రెండు క్షణాలు. చెల్లెలి ముఖం కళ్ల ముందు మెదిలింది.

ఎర్రదీపం వెలిగింది. సైరన్ మోగింది. వెనక ఉక్కు షట్టర్ దిగిపోయింది.

నెమలి చిప్‌ని బయటికి లాగింది. నల్లగా ఉంది. అతని నోటి మీది టేపు పీకేసింది.

"ఏం చేశావ్?"

"ఏమీ చెయ్యలేదు. గ్లౌజు తొడిగింది నువ్వే."

మర్నాడు చీఫ్ రిపోర్టు ముందేసుకుని, "నీ పాత్ర ఏమని రాయను?" అని అడిగాడు.

"కూర్చున్నాను సార్." చెల్లెలు క్షేమమని అప్పటికే కబురొచ్చింది.

పక్కనే కూర్చున్న డాక్టరమ్మ నల్లబడ్డ చిప్‌ని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసి, తలెత్తి అతనికేసి చూసింది.

"మళ్లీ రబ్బరేనా, బాబూ?"