ఖాళీ డిస్కులో బావ

సీసీ కెమెరాలు రికార్డు చేసే డీవీఆర్‌లో హార్డ్‌డిస్కు మార్చడం నాకు చొక్కా గుండీలు పెట్టుకున్నంత తేలిక. మూత విప్పాలి, పాతది పీకాలి, పెద్దది బిగించాలి, ఫార్మాట్ కొట్టాలి. ఆ మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో కూర్చుని అదే పని చేస్తున్నాను. స్క్రూలు మాత్రం విరిగేంత గట్టిగా తిప్పుతున్నాను. కోపంతో.

అక్కడే పనిచేసిన మా బావ చనిపోయిందీ అక్కడే. నడవా చివర, మంచు పట్టిన ఇనుప తలుపు వెనక. "తాగి లోపల పడుకున్నాడమ్మా. ఆ రోజు కెమెరాలు పనిచెయ్యలేదు" అన్నాడు ఓనరు మా అక్కతో. దగ్గుమందు చెంచాడు తాగితేనే తల తిరుగుతోందని గోలపెట్టే మనిషి మా బావ! చుట్టుపక్కలవాళ్లంతా ఓనరు మాటే నమ్మారు. అక్క గడప దాటడం మానేసింది. నాకు కావలసింది ఆ రోజు కెమెరాల్లో ఉన్న పాత డిస్కు, అంతే.

నేనెవరో ఓనరుకి తెలీదు.

"పాతది నా కళ్లముందే పగలగొట్టు" అన్నాడు.

"పనిచెయ్యని కెమెరాల డిస్కుకి ఇంత మర్యాదెందుకు సార్?"

"చెప్పింది చెయ్యవయ్యా."

మా పనివాళ్ల సంచుల్లో చచ్చిన డిస్కులకి కొదవుండదు. అతను ఫోన్లో తల దూర్చగానే అలాంటిదొకటి తీసి, సుత్తితో తుక్కుతుక్కు చేశాను. ప్రతి దెబ్బా ఎవరి నెత్తిన వేస్తున్నానో నాకే తెలుసు. అసలు డిస్కు నా సంచిలోకి జారింది.

కొత్తది బిగించాను. ఫార్మాట్ అయింది. ఖాళీ అని చూపించింది. ఓసారి పరీక్షిద్దామని ప్లేబ్యాక్ నొక్కాను.

తెరమీద నడవా. బావ... నీలం స్వెట్టర్‌లో.

హడావుడిలో పాతదే మళ్లీ బిగించేశానా? సంచి తడిమాను. పాతది అక్కడే ఉంది...

తెరమీద బావ పెట్టె కింద పడేసి అడ్డంగా తలూపుతున్నాడు. కుళ్లిన సరుకు లారీకెక్కించనని ముందురోజే అక్కతో అన్నాడు. ఓనరు వేలు చూపించి అరిచాడు. బావని లోపలికి తోశాడు. గడియ. తాళం. ఎర్ర బిళ్ల ఉన్న తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

నా వెనకే ఎవరిదో ఊపిరి. ఓనరు.

"కాసేపు బెదిరిద్దామనే..." గొణిగాడు. "తర్వాత... మర్చిపోయాను."

మర్చిపోయాడట! గొడుగు మర్చిపోయినట్టు! ఒళ్లు మండిపోయి కాలరు పట్టుకున్నాను.

"ఎవడివిరా నువ్వు?"

"నువ్వు మర్చిపోయినవాడి బావమరిదిని."

దబ్.

ఇద్దరం ఆగిపోయాం. నడవా చివరినుంచి... దబ్. దబ్.

"లోపలెవరూ లేరు..." అన్నాడు గుసగుసగా. "తాళం నేనే వేశాను."

వెళ్లి తలుపు తీశాడు. తెల్లటి పొగ, ముక్కు మండించే వాసన. పెట్టెలు తప్ప ఏమీ లేవు. మళ్లీ తాళం వేసి, ఎర్ర బిళ్ల చెవి చొక్కా జేబులో పడేసుకున్నాడు. తెరని లైవ్‌కి మార్చి నేనంతా ఆఫీసులోంచే చూస్తున్నాను. అతని వెనక... చాలా దగ్గరగా... నీలం స్వెట్టర్.

కొత్త డిస్కు కూడా పీకి సంచిలో పడేసుకుని బయటపడ్డాను.

ఇంటికెళ్లేసరికి అక్క నేలమీద కూర్చుని ఉంది. ఒళ్లో బావ నీలం స్వెట్టర్. ఆసుపత్రివాళ్లు ఇస్తే ఉతికి ట్రంకుపెట్టెలో దాచుకుంది.

"బావ తాగలేదక్కా. వాడే లోపల పెట్టి తాళం వేశాడు. సాక్ష్యం దొరికింది."

అక్క ఏడవలేదు.

"పెట్టెలో చప్పుడవుతుంటే తీశానురా. పట్టుకుని చూడు."

స్వెట్టర్ మంచుతో అట్టలా బిగుసుకుపోయి ఉంది. దాని జేబులోంచి అక్క ఓ తాళంచెవి తీసింది. ఎర్ర బిళ్ల.

ఓనరుకి ఫోన్ చేశాను. ఎత్తాడు. మాట లేదు. మిషన్ల హోరు... పళ్లు కొట్టుకుంటున్న శబ్దం... దబ్. దబ్.

"అక్కా, చెవి ఇలా ఇవ్వు. పరిగెత్తుకెళ్లి తీస్తాను."

అక్క పిడికిలి బిగించింది.

"వెళ్దువుగానిలేరా. కాసేపు ఉండనీ."