చెమట పట్టని అద్దం

ఇంగ్లండులో, లింకన్‌షైర్ సముద్రపు గట్టు పక్కన, అక్టోబరు నెలలో, కారవాన్లనే చక్రాల ఇళ్లలో ఉండేవాళ్లకు తెల్లారితే ఒకటే పని. కిటికీ అద్దాలకు లోపలివైపు పట్టిన చెమట తుడవడం, గుడ్డ బకెట్లోకి పిండడం. డెస్మండ్ మాత్రం గుడ్డ ముట్టడు. మెట్టు మీద నిలబడి టీ తాగుతూ, తుడిచేవాళ్లను చూసి నవ్వుతాడు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. తనకు తెలియనిది లోకంలో ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

భార్య మేవిస్‌కు ఆయాసం. ఈ చలికాలం గట్టెక్కాలంటే తేమ తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మరి ఈ మహానుభావుడేం చేశాడు? చౌకగా వస్తోందని పాత కారవాన్ కొన్నాడు. చలిగాలి కొడుతోందని నేలలో ఉన్న గాలి కన్నాలన్నిటిలో పాత పేపర్లు ఉండలు చుట్టి కూరేశాడు. వారం తిరక్కుండా అద్దాల మీంచి నీళ్లు కారాయి.

పక్క కారవాన్ రెజ్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఏమయ్యా, బుద్ధుందా? గ్యాస్ హీటరున్న చోట కన్నాలు మూస్తారా? విషగాలి బయటికెలా పోతుంది? నీకు ముందు ఇందులో ఉన్న నార్మన్ కూడా ఇదే పని చేశాడు. ఆ చివరున్న చిన్నగదిలో, కింది పడక మీద... నాలుగు రోజులకు గానీ పోయాడని ఎవరికీ తెలీలేదు."

"నార్మన్ ఒట్టి వెధవ. నేను ముప్ఫై ఏళ్లు బస్సు నడిపా."

"కన్నాలకీ బస్సుకీ ఏంటయ్యా సంబంధం?"

"నీ బకెట్ నువ్వు చూసుకో, పో."

ఆ చిన్నగదిలో ఎవరూ పడుకోరు. అయినా కింది పడక పక్కనున్న అద్దం మీద అరచేయంత తేమ మరక ఉండేది. తుడిస్తే పోయేది. చూస్తుండగానే మళ్లీ వచ్చేది... పోయేది... వచ్చేది. గదంతా తడిసిన ఉన్నికోటు వాసన.

"డెస్," మేవిస్ గుసగుసగా అంది. "నేను ఊపిరి పీల్చినప్పుడల్లా... ఆ గదిలో ఇంకెవరో పీలుస్తున్నారు."

"నీ మొహం. నీ ఆయాసం గోడలకు అంటగడతావేం?"

"ఆ పేపర్లు తీసెయ్యరాదూ. భయమేస్తోంది."

"తీస్తే చలికి చస్తావ్."

మధ్యాహ్నం వాన పట్టుకుంది. హీటరు పెద్దది చేసి, మేవిస్‌కు దుప్పటి కప్పి, తలుపు బిగించి క్లబ్బుకు వెళ్లాడు డెస్మండ్. రెజ్‌నీ అతని బకెట్‌నీ వెక్కిరిస్తూ అక్కడ రెండు గంటలు కూర్చున్నాడు. తిరిగొచ్చి చూస్తే హీటరు ఆరిపోయి ఉంది. అద్దాలన్నీ పొడిగా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు.

"చూశావా! ఆ బకెట్ వెధవని పిలిచి చూపిస్తా!"

మేవిస్ కిటికీ దగ్గర కూర్చుని నవ్వుతోంది. దగ్గు లేదు, పిల్లికూతలు లేవు.

"ఇప్పుడు ఆయాసమే లేదు డెస్."

రెజ్‌ను కేకేద్దామని డెస్మండ్ అద్దం దగ్గరికి వంగాడు. అతని ఊపిరికి అద్దం మసకబారింది. పక్కనే మేవిస్ కూడా వంగి, ముక్కు అద్దానికి ఆనించి, "వాన తగ్గినట్టుంది," అంది.

ఆమె ముందు అద్దం తేటగానే ఉంది.

"మేవిస్... ఒకసారి దాని మీద ఊదు."

ఊదింది. ఏమీ లేదు... మళ్లీ ఊదింది. ఏమీ లేదు.

అప్పుడొచ్చింది పెద్దమనిషికి బుద్ధి! మోకాళ్ల మీద పడి, ఏడుస్తూ, కన్నాల్లోంచి పేపర్లు పీకాడు. చల్లగాలి ఈడ్చి కొట్టింది.

"ఇప్పుడెందుకు డెస్," మేవిస్ మెల్లగా అంది. "మాకు చలేస్తుంది."

చిన్నగది తలుపు తెరిచే ఉంది. అక్కడి అద్దం మీద పక్కపక్కనే రెండు మరకలు. ఒకటి పోతే ఒకటి వస్తోంది. ఆ రెండిటి పక్కన, ఇంకొకటి పట్టేంత మేర, ఎవరో లోపలినుంచి శుభ్రంగా తుడిచి ఉంచారు.