రాహుకాలం దాటాక

పరుగు మొదలైనప్పుడు చక్రధర్ చేతిలో ఉన్నవి మూడు.

దొంగ పాస్‌పోర్టు. టీ పొట్లం. నాలుగు నిమిషాలు.

వెనక బూట్ల చప్పుడు... దగ్గరవుతోంది.

మాస్కో. 1983. చీకటి. మంచులో జారాడు. లేచాడు. మళ్ళీ పరుగు!

మంచు ఉప్పుతో పోసింది. చీకటి నల్లగుడ్డలు కట్టి చేసింది. గోడ అవతల ఐర్లండ్‌లోని షానన్ నది. 2021 జనవరి, మంగళవారం, సాయంత్రం నాలుగూ ఇరవై ఏడు.

డబ్లిన్ డిటెక్టివ్ ఒకడు సోవియట్ కాలంలోకి వెళ్ళే టీవీ సీరియల్ ఇది. చక్రధర్‌ది టీ వ్యాపారి వేషం. అసలు వ్యాపారం అత్లోన్‌లో బట్టల కొట్టు. లాక్‌డౌన్‌లో అది మూతపడ్డాక ఇక్కడికొచ్చాడు.

అతని మనసు కాజిల్‌బార్ హాస్పిటల్లో, ఎవరినీ రానివ్వని కోవిడ్ వార్డులో ఉంది.

భార్య సరోజినికి ఐదింటికి వెంటిలేటర్ పెడతారు. గొట్టం వేశాక మాట ఉండదు. అంతకుముందు ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడిస్తానని నర్సు మూడింటికే ఫోన్ చేసింది. అప్పుడు చక్రధర్ మేకప్ కుర్చీలో ఖాళీగా ఉన్నాడు.

కానీ మంగళవారం. మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం.

బేరమాడాడు. నాలుగూ ముప్పై ఒకటికి చెయ్యమన్నాడు.

నాలుగు నిమిషాల షాట్ సరిగ్గా అప్పటికి అయిపోతుంది. లెక్క కుదిరింది.

సెట్లో ఫోన్లన్నీ కాస్ట్యూమ్స్ చూసే విజయరాణి పెట్టెలో ఉంటాయి. "నువ్వు పరిగెత్తు అన్నయ్యా. మోగితే నేనెత్తుతా" అంది.

దొరికిపోయాడు!

ఇద్దరు సోవియట్ పోలీసులు ఈడ్చుకెళ్ళారు. చేతిని పైపుకు బేడీ వేశారు. నోటికి ప్లాస్టర్ అంటించారు.

అప్పుడు మోగింది...

తన ఫోనే. రెండు నిమిషాలు ముందే!

మాటలు తర్వాత కలుపుకుంటారు కాబట్టి కెమెరా ఆగలేదు. విజయరాణి ఫోనెత్తింది. ముఖం పాలిపోయింది. కెమెరా అంచు దాకా పరిగెత్తుకొచ్చి, ఫోన్ అతని వైపు చాచి పట్టుకుంది.

నాలుగడుగుల దూరం.

అరిచాడు. ప్లాస్టర్ కింద మూలుగే వచ్చింది. చేతిని లాగాడు. మణికట్టు చీరుకుపోయింది. ఆపండి... ఆపండి...

దర్శకుడు బొటనవేలు పైకెత్తాడు. ఇంత బాగా నటిస్తాడని అనుకోలేదు.

స్క్రిప్టు ప్రకారం డిటెక్టివ్ అర నిమిషం ఆలస్యంగా వస్తాడు.

తుపాకీ గుండెకు గురిపెట్టారు.

ఢాం!

చచ్చినట్టు వాలాడు. కట్ అన్నారు. బేడీ తీశారు. ప్లాస్టర్ తనే పీక్కుని ఫోన్ లాక్కున్నాడు.

"సరూ..."

లైన్ లేదు.

ఆమెకు ఊపిరి అందకపోవడంతో డాక్టర్లు ఐదు దాకా ఆగలేదట. విజయరాణి తల ఎత్తకుండానే చెప్పింది.

"ఏమంది?"

"తుపాకీ పేలింది కదన్నయ్యా... అది వింది. 'ఆయనకేమైంది' అంది. నేను చెప్పేలోపే తీసుకెళ్ళిపోయారు."

"గ్రాండ్," అన్నాడు దర్శకుడు మాస్కులోంచి. మళ్ళీ తియ్యక్కర్లేదన్నాడు.

ఫోన్‌లో టైం చూశాడు. నాలుగూ ముప్పై ఒకటి. రాహుకాలం దాటింది.

మొత్తం మీద దక్కింది ఇదీ: ఒకే టేక్‌లో ఓకే అయిన చావు. ఆమె అడిగిన ఒక్క ప్రశ్న.

ఇంకా... మంచి ఘడియ.