ఎర్త్ లేని ఇల్లు

"ఆగండి! ఆ కొళాయి ముట్టుకున్నారంటే చెయ్యి విరగ్గొడతా!"

పైపులబ్బాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే బాత్‌రూమ్ గుమ్మంలో ఒక అమ్మాయి. భుజాన పనిముట్ల సంచి, చేతిలో టెస్టరు, వానకి తడిసి నుదుటికి అంటుకున్న జుట్టు. ఇంత కోపంలోనూ ఇంత బాగుండటం అన్యాయం అనుకున్నాడతను.

"కొళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాణ్ణి ముట్టుకోవద్దంటే ఎలాగండీ? చూపులతో తిప్పనా?"

"పొద్దున ఇదే కొళాయి మాస్టారికి షాక్ కొట్టింది. చెప్పలేదా మీకు?"

"షాకంటే మీ డిపార్ట్‌మెంటు. మీ వైరింగ్‌లో తప్పుంచుకుని నా కొళాయిని అంటారేంటి?"

ఆ పేటలో ఫ్యాను తిరగకపోతే అందరూ పిలిచేది ఈ కరెంటమ్మాయినే. పైపులబ్బాయి అక్కడ పని మొదలుపెట్టి ఇంకా నెల కాలేదు. ఎందుకైనా మంచిదని ఆ ఇంటి డ్రాయింగు మాస్టారు ఇద్దర్నీ ఒకేసారి పిలిపించి, తాను మాత్రం రబ్బరు చెప్పులేసుకుని వరండాలోనే ఉండిపోయారు.

ఆమె టెస్టరు మొనని కొళాయికి ఆనించింది. లోపల చిన్న దీపం ఎర్రగా వెలిగింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె వెళ్ళి మెయిన్ ఆపి, పెరట్లోకి తొంగిచూసింది.

"ఈ ప్లాస్టిక్ పైపు ఎవరు వేశారు?"

"నేనే, పోయినవారం. ఇనప పైపు తుప్పు పట్టిపోయింది. ఒక్క చుక్క కారుతోందేమో చూడండి!" అన్నాడు గొప్పగా.

ఆమె గోడ పక్కన వేలాడుతున్న రాగి తీగని పైకెత్తి చూపించింది. "మరి దీన్నేం చేశారు?"

"పాత పైపుకి చుట్టి ఉంది. ఎందుకూ పనికిరాదని విప్పేశా."

"అదే ఈ ఇంటికి ఎర్త్. పాత ఇళ్ళల్లో ఎర్త్ వైరుని నేలలోకి వెళ్ళే ఇనప పైపుకే కట్టేసేవాళ్ళు. గీజరు కాయిలు పాడై కరెంటు లీకైనా, ఆ పైపు పట్టుకుని భూమిలోకి పోయేది. మీరా దారి మూసేశారు. ఇప్పుడది పోవాలంటే ఎవరో ఒకరి ఒంట్లోంచే పోవాలి."

పైపులబ్బాయి తాను విప్పేసిన ఆ తీగ వైపే చూశాడు. ఇందాకటి గొప్పంతా ఎటుపోయిందో.

"ఇంకెక్కడైనా ఇలా మార్చారా?"

"ఒక్క ఇంట్లో. నిన్ననే. పిండిమర పక్క సందులో, ఆకుపచ్చ గేటు. కుట్టుపని చేసే ఆవిడ..."

ఆమె చేతిలోంచి టెస్టరు జారి కిందపడింది.

"అది మా ఇల్లు."

ఆమె అప్పటికే ఫోన్ తీసి అమ్మకి కలిపింది. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

"అమ్మ లైనింగు గుడ్డ వేడినీళ్ళలో నానబెట్టి గానీ కుట్టదు. ఈ టైముకి గీజరు వేసే ఉంటుంది" అంది. "ఆ గీజరు కాయిలు మార్చాలి, కొత్త ఎర్త్ పెట్టాలి అని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ తిరుగుతా, మా ఇల్లు మాత్రం రేపు, రేపు..."

"పక్కింటివాళ్ళు?"

"తాళం."

"స్కూటరుంది, రండి!"

వాన ముఖం మీద కొడుతోంది. రోడ్డు సరిగ్గా కనబడటం లేదు. వెనక కూర్చున్న ఆమె ఒక చేత్తో అతని చొక్కా పట్టుకుని, ఇంకో చేత్తో మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తూనే ఉంది. ఇంకో రోజైతే వానలో ఒక అందమైన అమ్మాయిని స్కూటరు మీద ఎక్కించుకున్నందుకు అతను గాల్లో తేలిపోయేవాడు. ఇప్పుడు మాత్రం నిన్న తనకి టీ ఇచ్చిన ఆవిడ చెయ్యే కళ్ళ ముందు మెదులుతోంది.

"ఏదో ఒకటి మాట్లాడండి. లేకపోతే ఏడ్చేస్తా" అంది.

"మీ అమ్మగారు... నిన్న మీ చిన్నప్పటి ఫోటో చూపించారు."

"ఎందుకు?"

"స్తంభమైనా ఎక్కుతుందిగానీ పెళ్ళిపీటలు ఎక్కదు బాబూ, అన్నారు."

నవ్వబోయింది. అది ఏడుపైపోయింది. ఆమె నుదురు అతని వీపుకి ఆనుకుంది. అతను స్కూటరుని ఇంకా గట్టిగా లాగించాడు.

గేటు తీసే ఉంది. ఇంట్లో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. బాత్‌రూమ్ తలుపు మూసి ఉంది. దాని కిందనుంచి నీళ్ళు నడవాలోకి పారుతున్నాయి.

"అమ్మా!"

జవాబు లేదు.

అతను చెప్పులు ఎక్కడ విడిచాడో, వట్టికాళ్ళతో తలుపు మీదకి ఉరికాడు.

"ఆ నీళ్ళలో కాలు పెట్టకు!" అని ఆమె అరిచిన అరుపుకి అక్కడే బిగుసుకుపోయాడు. నీళ్ళు అతని కాలి వేళ్ళకి బెత్తెడు దూరంలో ఉన్నాయి. "నిన్ను కూడా పోగొట్టుకోలేను. కదలకు!"

ఆమె ముందుగదిలోకి పరుగెత్తి, చేతులు పొడిగుడ్డకి తుడుచుకుని మెయిన్ లాగేసింది. ఇల్లు చీకటైంది. "ఇప్పుడు కొట్టు!"

వానకి ఉబ్బిన తలుపు రెండోసారికి గానీ ఊడిరాలేదు.

లోపల బక్కెట్టు పొంగి పొర్లుతోంది. మూలన చెక్క స్టూలు మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ముడుచుకుని కూర్చుని ఉంది అమ్మ. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు.

కరెంటమ్మాయి నీళ్ళలోనే వెళ్ళి అమ్మని వాటేసుకుంది. ఊళ్ళో పెద్ద పెద్ద మెయిన్ బోర్డులు విప్పే ఆ చేతులు అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని వదల్లేదు.

కాసేపటికి అమ్మకి గొంతు పెగిలింది. "బక్కెట్టు నిండిందని కొళాయి కట్టెయ్యబోయా, ముట్టుకోగానే చెయ్యి జివ్వుమంది. ఎగిరి దీనిమీద పడ్డా. మెయిన్ తియ్యకుండా తడినేల మీద కాలు పెట్టొద్దని నువ్వు రోజూ నా బుర్ర తింటావుగా, అలాగే ఉండిపోయా. కానీ ఆ ఫోన్! మోగుతూనే ఉంది. నీకేమైందోనని దిగబోయా. మోగిన ప్రతిసారీ దిగబోయా."

కూతురు తన ఫోన్ తీసి చూసుకుంది. అమ్మ కోసం చేసిన ప్రతి ఫోనూ అమ్మని ఆ నీళ్ళలోకే పిలిచింది.

"తప్పు నాదండీ. అడక్కుండా తీగ విప్పేశాను" అన్నాడతను తల దించుకుని.

"అతనిది కాదమ్మా. ఎర్త్ పెట్టకపోవడం నాది. నిన్న పైపు ఎవరు మార్చారో, ఏం చేశారో చూడకపోవడం కూడా నాదే."

"కాదండీ, నాదే."

"మీ ఇద్దరూ తేల్చుకునేసరికి నా కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చేట్టున్నాయి. ముందు నన్ను దింపండి!" అంది అమ్మ.

మర్నాడు ఇద్దరూ కలిసి పెరట్లో గొయ్యి తవ్వారు. అంతకుముందే మాస్టారింట్లోనూ ఆ పని ముగించి వచ్చారు. అతను ఎర్త్ రాడ్డుని నేలలోకి దిగ్గొడుతుంటే, ఆమె రాగి తీగ పట్టుకుని పక్కన కూర్చుంది. నిన్నటి భయం ఇద్దరి ముఖాల్లోనూ ఇంకా ఉంది.

"ఒక్క మాట చెప్పాలి" అన్నాడు. "రాత్రంతా నిద్రలేదు. మీ అమ్మగారి గురించి భయం. తర్వాత, ఇక మీరు నా ముఖం చూడరేమోనని ఇంకో భయం. ఇది మొదటిదాని కంటే చిన్నదే అనుకున్నా. కాదు."

ఆమె తీగకి క్లాంపు తగిలించింది. "ఆ నీళ్ళ దగ్గర నిన్ను చూసినప్పుడు నాకేమైందో నీకు తెలీదు. అమ్మ లోపల ఉండగా ఇంకొకరి గురించి అంత భయం వేస్తుందని నేననుకోలేదు. నువ్వు నాకు కావాలి. సరేనా? ఇంకోసారి చెప్పించకు."

సుత్తి అతని బొటనవేలి మీద పడింది.

వంటింటి కిటికీలోంచి అమ్మ గొంతు వినిపించింది. "అంతా విన్నాలే. నాకిష్టమే. కానీ ఒక్క షరతు. ఇకమీదట ఈ ఇంట్లో ఒకరినొకరు అడక్కుండా మేకు కూడా కొట్టకూడదు. ఆ మాటిస్తే, మీ పెద్దవాళ్ళని తీసుకురా బాబూ."

అతను ఆత్రంగా నోరు తెరిచి, ఆగి, ఆమె వైపు తిరిగాడు.

"మాటివ్వనా?"

ఆమె క్లాంపు నట్టు చివరిదాకా బిగించి, తలెత్తి చూసింది.

"ఇవ్వు."