పోయిన కప్పు

కప్పు పోయింది.

ఫోనులో ఆ మాట విన్నప్పుడు డిటెక్టివ్ సార్జెంట్ డెనీస్ హర్స్ట్ టీ తాగుతోంది. చేతిలో కప్పు వంక చూసుకుంది. ఉంది. ఆ మాటే పైకి అంది.

"తాగే కప్పు కాదు మేడమ్! మందిరం పైకప్పు. సీసం రేకులు ఊడ్చుకుపోయారు."

గురువారం ఉదయం. ఏడూ నలభై. ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్ ఊరంతా వాన.

కొండవాలు మీద పాత క్రైస్తవ ప్రార్థనా మందిరం. నూట యాభై ఏళ్ళు జనం అక్కడ దేవుణ్ణి కొలిచారు. ఇప్పుడు దాన్ని ఫ్లాట్లుగా మార్చడానికి గదులు కొలుస్తున్నారు. ఎలాగైతేనేం, కొలవడం మాత్రం ఆగలేదు.

చుట్టూ పరంజా. పరంజాకి ప్లాస్టిక్ పట్టాలు. లోపల ఏం జరిగినా వీధిలోకి కనబడదు. డెనీస్ నిచ్చెనెక్కి చూసింది. ఉత్తరం వైపు కప్పు బోడిగా ఉంది. చెక్కల సందుల్లోంచి వాన సరాసరి లోపలికి దిగుతోంది.

ఎదురింటి ముసలావిడ ఒక్కతే సాక్షి.

"నిన్న మధ్యాహ్నం రెండింటికి. తెల్ల వ్యాను. పసుపు కోట్లేసుకున్న ఇద్దరు."

"మీకు అనుమానం రాలేదా?"

"పసుపు కోటు వేసుకున్నాక అనుమానమేంటమ్మా? ఒకడికి బిస్కెట్లు కూడా ఇచ్చాను. రెండోవాడు తీసుకోలేదు. వాడి మీదైతే వచ్చింది, అనుమానం."

విచారణ టీలు తాగే రేకుల గదిలో మొదలైంది. గోడకి వరసగా మేకులు. మేకుకో కప్పు. ఒకటి పిడి విరిగింది, ఒకటి సొట్టపోయింది. ఎవడి కప్పు వాడిదే. కింద అరలో మాత్రం సాసరుతో సహా ఒక తెల్ల కప్పు, ఆఫీసు నుంచి వచ్చే పెద్దమనుషుల కోసం.

మొదట సైట్ మేనేజర్ ఏడ్రియన్ పెల్. బురదలో కూడా ఇస్త్రీ నలగని మనిషి.

"నిన్న మధ్యాహ్నం మీ పనివాళ్ళేరీ?"

"పన్నెండున్నరకి నేనే ఇంకో సైట్‌కి పంపాను మేడమ్. ఇటుకలు దించాలి. నేను బ్యాంకు పని మీద వెళ్ళాను. గార్త్ ఒక్కడే వాళ్ళతో వెళ్ళలేదు. పన్ను నొప్పన్నాడు."

"ఎంత సీసం పోయింది?"

"తొమ్మిది వందల నలభై కిలోలు. ఘోరం."

రెండోవాడు క్లైవ్. అరవై దాటినా కప్పు మీద పిల్లిలా నడిచే సీసం పనివాడు.

"ఎంత పోయింది?"

"పదహారు రేకులు మేడమ్. ఒక్కోటీ నా చేత్తో తడిమి చూసినవే. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది."

మూడోవాడు గార్త్ మిడ్జ్‌లీ. నలభై ఎనిమిదేళ్ళు. చేతులు పారల్లా ఉన్నాయి. కూర్చుంటూ మోకాళ్ళు పట్టుకున్నాడు.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావ్?"

"పళ్ళ డాక్టరు దగ్గర."

"పోయిన బుధవారం?"

"పళ్ళ డాక్టరే."

"అంతకు ముందు బుధవారం?"

"అదీ... పన్నే."

"ప్రభుత్వం కూడా ఇన్ని పన్నులు వెయ్యదు కదయ్యా! నీది నోరా, మొసలి నోరా? డాక్టరు పేరు చెప్పు."

గార్త్ బూట్ల వంక చూశాడు.

"పోనీ, ఎంత పోయిందో తెలుసా?"

"ఇరవై నాలుగు చదరపు మీటర్లు. మడతలు కలపకుండా." అనేసి నాలిక కరుచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

డెనీస్‌కి అది చాలనిపించింది. కప్పు మీద పనిచేసేవాడు కప్పుని కొలిచి పెట్టుకున్నాడు. ఎందుకు? అమ్ముకోడానికే!

పదీ పదికి అందరి ముందునుంచీ నడిపించుకుంటూ కారు ఎక్కించింది. భుజం మీద చెయ్యి తియ్యలేదు.

"ఒరే గార్తూ!" క్లైవ్ వానలో వెంట వచ్చాడు. "ఇరవై రెండేళ్ళుగా నీ టీలో మూడు చెంచాల చక్కెర కలుపుతున్నాను. నువ్వు దొంగవైతే నా చెంచాకి తెలీదా? నోరు తెరిచి చెప్పరా!"

కారు కదిలింది.

*

స్టేషన్‌లో అతని సంచి బల్ల మీద బోర్లించారు. సాండ్‌విచ్ డబ్బా. మోకాళ్ళకి రాసుకునే మందు. మూడు పలకల స్కేలుబద్ద ఒకటి. చివరగా ఒక కార్డు. గార్త్ గబుక్కున దాని మీద అరచెయ్యి వేశాడు, స్నానాల గదిలో తలుపు తెరుచుకున్నట్టు.

"చెయ్యి తియ్యి."

తీశాడు. కాలేజీ కార్డు. దాని మీద అతని ఫోటో.

"చదువుకుంటున్నావా?"

"మెల్లగా అనండి."

"గదిలో మనిద్దరమే ఉన్నాం."

"అయినా సరే." అతను గొంతు తగ్గించాడు. "క్వాంటిటీ సర్వేయింగ్. పార్ట్ టైమ్. బుధవారం మధ్యాహ్నాలు. బొమ్మ చూసి, ఆ బిల్డింగ్‌కి ఎంత ఇటుక, ఎంత చెక్క, ఎంత సీసం పడుతుందో లెక్కగట్టాలి. క్లాసులో పంతొమ్మిదేళ్ళ పిల్లలు నన్ను 'అంకుల్, రబ్బరుందా' అంటారు. కొలతల పరీక్ష రెండుసార్లు పోయింది."

"ఎందుకు పోయింది?"

"గోడంతా కొలిచాక కిటికీల జాగా తీసెయ్యాలి. తీసెయ్యడం మర్చిపోయాను. రెండుసార్లూ. మా మాస్టారు, 'ఈ ఇంట్లో గబ్బిలాలుంటాయా మిడ్జ్‌లీ' అన్నాడు."

డెనీస్ నవ్వబోయి ఆగింది. "ఇందులో దాచడానికేముంది? దొంగ అనిపించుకోడానికైనా సిద్ధపడ్డావే!"

"మీకు తెలీదు మేడమ్. ఈ సర్వేయర్లని మేం టేపుగాళ్ళంటాం. మేం చేసిన పనిని మళ్ళీ కొలిచి, తక్కువుందని కూలీ కోస్తారు. ఒకడు క్లైవ్ కూలీ కోసేశాడు, కొడుకు పెళ్ళి నెలలో. ఆ టేపుగాణ్ణి నిచ్చెన కింద నిలబెట్టి నానా తిట్లూ తిట్టింది నేనే. ఇప్పటికీ టీ దగ్గర వాళ్ళ నడక వేసి చూపించేది నేనే." అతను మోకాళ్ళు నిమురుకున్నాడు. "ఇవి అరిగిపోయాయి. ఇంకో రెండేళ్ళకి కప్పెక్కలేను. ఇంకేం చెయ్యను?"

"కిలోలు మొయ్యాలంటే కీళ్ళు మొరాయిస్తున్నాయన్నమాట."

మొదటిసారి అతను నవ్వాడు.

కాలేజీకి ఫోన్ చేశారు. బుధవారం ఒంటిగంట నుంచి అయిదింటి దాకా గార్త్ క్లాసులోనే ఉన్నాడు. డెనీస్ చెయ్యి చాపింది. తప్పయిందంది.

"ఫరవాలేదు. ఒక్కటే. మావాళ్ళకి చెప్పకండి. పళ్ళ డాక్టరు నిజమే అన్నాడని చెప్పండి. పాసయ్యాక నేనే చెప్పుకుంటాను."

"నా నోటికి తాళం వేశాననుకో."

అతను మెట్లు దిగుతూంటే ఆమెకి తన మాటే చెవిలో మళ్ళీ మోగింది. కిలోలు.

కిలోలన్నది ఎవరు?

*

శుక్రవారం ఉదయం పదింటికి, టీ వేళ. రేకుల గది కిక్కిరిసింది. పెల్, క్లైవ్, మరో నలుగురు పనివాళ్ళు. మూల కుర్చీలో గార్త్, చేతిలో పిడి విరిగిన నీలం కప్పు.

"నేరుగా పెల్ ఇంటికెళ్ళి పట్టుకు రాకూడదా, ఈ నాటకమెందుకు?" అని స్టేషన్‌లో బయల్దేరేముందు పై ఆఫీసరు అడిగాడు. "అందరి ముందూ తీసుకెళ్ళాను, అందరి ముందే నిర్దోషి అనాలి" అంది డెనీస్. అది నిజమే. నాటకమంటే తనకి ప్రాణమన్నదీ నిజమే.

"గార్త్ సంగతి తేలిపోయింది. పళ్ళ డాక్టరుతో మాట్లాడాను. దొంగ అతను కాదు. దొంగ ఈ గదిలోనే ఉన్నాడు."

క్లైవ్ గార్త్ వీపు మీద ఒక్కటి చరిచాడు. "చెప్పానా! ఒరే, ఆ పళ్ళన్నీ ఒకేసారి పీకించెయ్యి, పీడా పోతుంది!" గది గొల్లుమంది.

"నిన్న అందరినీ ఒకే ప్రశ్న అడిగాను. ఎంత పోయిందని. పెల్ గారూ, మీరేమన్నారు?"

"తొమ్మిది వందల నలభై కిలోలు."

"ఎలా తెలుసు?"

"ఉజ్జాయింపుగా..."

"ఆ సీసం వేసింది మీ ముత్తాతల నాడు. ఒక రేకు మందం, ఒకటి పల్చన. మీరు కొన్నది కాదు, బిల్లు లేదు. ఈ నూట యాభై ఏళ్ళలో దాన్ని కాటా ఎక్కించినవాడెవడు?"

పెల్ చొక్కా కాలరు సవరించుకున్నాడు.

"ఒక్కడే. దొంగ! బ్రాడ్‌ఫర్డ్‌లో పాత సామాన్ల కొట్టు. బుధవారం నాలుగింటికి, మీ బావమరిది వ్యానులో. కాటా చూపించింది తొమ్మిది వందల నలభై. మనుషుల్ని ఇటుకలకి పంపించిందీ మీరే."

బయట నిలబడ్డ కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. పెల్ ఇస్త్రీ మొదటిసారి నలిగింది.

అక్కడితో ఆగిపోతే సరిపోయేది.

కానీ అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. చప్పట్లొక్కటే తక్కువ. డెనీస్ నాలిక దురద పెట్టింది.

"సొత్తు ఒక్కటే, కొలతలు మూడు. చూశారా తమాషా! చేత్తో పనిచేసేవాడు రేకులన్నాడు. దొంగ కిలోలన్నాడు. ఇక చదరాలన్నవాడంటారా, వాడు చదువరి! చదరపు మీటర్లంటే చదువుకున్న మీటర్లు!"

ఎవరూ నవ్వలేదు.

"చదరాలన్నదెవడు మేడమ్?" క్లైవ్ అడిగాడు.

డెనీస్ నోరు మూసుకుంది. కళ్ళు మాత్రం ఆగలేదు. మూల కుర్చీ వైపు వెళ్ళిపోయాయి.

ఆరు తలలు అటు తిరిగాయి.

"బుధవారం పన్నునొప్పి," అన్నాడు క్లైవ్ నెమ్మదిగా. "టేపా, గార్తూ?"

"మోకాళ్ళు పోయాయిరా." గార్త్ కప్పుని రెండు చేతులా పట్టుకున్నాడు. "నేనే చెబుదామనుకున్నా."

ఎవడైనా ఒక బూతు మాటంటే బాగుండును. వెక్కిరిస్తే, ఆ టేపుగాడి నడక వేసి చూపిస్తే, గార్త్ బతికిపోయేవాడు. ఎవడి కప్పులోకి వాడు చూసుకున్నాడు.

డెనీస్ ముఖం మండిపోయింది. గోడంతా కొలిచింది. తీసెయ్యాల్సిన జాగా ఒక్కటే ఒక్కటి. తియ్యలేదు.

"గార్త్, నేను..."

అతను ఆమె వైపు చూడలేదు.

క్లైవ్ లేచాడు. గార్త్ చేతిలోంచి నీలం కప్పు నెమ్మదిగా తీసుకున్నాడు. కడిగాడు. తుడిచాడు. మేకుకి తగిలించాడు. కింద అరలోంచి తెల్ల కప్పు తీసి, సాసరు మీద పెట్టి, టీ పోశాడు. చెంచా పట్టుకుని నిలబడ్డాడు.

"చక్కెర ఎంత వెయ్యమంటారు, సార్?"