బెల్లం బాయ్స్ ఎందుకు ఓడిపోతున్నారు

"బెల్లం బాయ్స్ అంటున్నారు, మరి ఇక్కడ ఒక అమ్మాయి కూడా ఉంది కదా?"

గదిలోకి అడుగు పెడుతూనే రూపాదేవి అడిగిన మొదటి ప్రశ్న అది. ఎరువుల కొట్టు మీది ఆ ఇరుకు గదిలో ఫోన్ల మీదికి వంగి ఉన్న నలుగురూ ఒక్కసారి తలలెత్తారు.

"పేరెట్టినప్పుడు నేను లేనండి," అంది ఆ నలుగురిలో ఉన్న ఒకే ఒక్క అమ్మాయి, చిన్నారి. "నేనొచ్చేసరికి జెర్సీలు కుట్టించేసేరు. విప్పి మళ్ళీ కుడతారేటండి?"

రూప నవ్వేసి పుస్తకం తీసింది. వైజాగ్‌లో ఒక గేమింగ్ వెబ్‌సైట్‌కి రాస్తుంది తను. చోడవరం నుంచి లీగ్‌కి ఎక్కిన షూటింగ్ టీమ్ మీద ప్రొఫైల్ రాయమని ఆఫీసు పంపితే, పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఫోన్‌లో ఆడే ఆట. ఒక దీవిలో పదహారు టీములు దిగుతాయి, టీముకు నలుగురు. ఎంత ఎక్కువసేపు బతికితే అంత పైన ఉంటారు.

సీజన్ మొదటి మూడు వారాలు ఈ చోడవరం పిల్లలు అందరికన్నా పైన ఉన్నారు. చెరుకు తోటల మధ్య నుంచి ఈ టీమ్ ఎక్కడ ఊడిపడిందిరా అని పెద్ద పెద్ద ఊళ్ళ టీములు తలలు గోక్కున్నాయి. ఆ తర్వాత ఏమైందో ఏమో, వరుసగా అయిదు వారాలు చావుదెబ్బలు. ఇప్పుడు పదమూడో స్థానం. ఆదివారం ఆఖరి మ్యాచ్. అది అయ్యాక కింది నాలుగు టీములూ లీగ్ నుంచి అవుట్. నిలవాలంటే ఆ మ్యాచ్‌లో మొదటి మూడు స్థానాల్లో ఉండి తీరాలి.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడు లేచి నిలబడ్డాడు. కెప్టెన్ ధర్మతేజ. ఆటలో ఎవరు ఎటు పరుగెత్తాలో, ఎవరిని కొట్టాలో మైక్‌లో చెప్పేది అతనే.

"వెల్కమ్ మేడమ్. ప్లీజ్ సిట్. వాట్ యు విల్ టేక్?"

"టీ చాలండి."

"టీ ఈజ్ కమింగ్ మేడమ్."

రూపకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. ఎందుకంటే అతని చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళు మాత్రం పరీక్ష రాస్తున్నంత సీరియస్‌గా ఉన్నాయి. ఆ కళ్ళు బావున్నాయి. ఇది పుస్తకంలో రాయలేదు.

ప్రాక్టీస్ మొదలైంది. రూప అతని భుజం మీదుగా స్క్రీన్ చూస్తోంది. అతని కన్ను భలే చురుకు. అందరికన్నా ముందు తనే శత్రువుని చూస్తున్నాడు. కానీ నోరు?

"ఎనిమీ... బిహైండ్ ద... బిహైండ్ ద..."

"దేనెనక?" అన్నాడు పక్కనున్న గౌరీశంకర్. దూరం నుంచి తుపాకీ కొట్టడంలో టీమ్‌కి దిక్కు అతనే.

"రెయిజ్డ్... రెయిజ్డ్ మట్టి."

అప్పటికి ఆటలో నలుగురూ పోయారు. గౌరీశంకర్ ఫోన్ బోర్లించాడు. "మట్టే. నన్ను అందులో కప్పెట్టేసేక సెప్పేడు."

"ఇంత కష్టపడి ఇంగ్లీషు ఎందుకండీ?" రూప అడిగింది. "నలుగురూ తెలుగువాళ్ళే కదా."

"ప్రొఫెషనల్ టీమ్ కదా మేడమ్," అన్నాడు ధర్మతేజ స్క్రీన్ వైపే చూస్తూ. "టీ ఏటైందో చూసొస్తాను." మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

చిన్నారి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మేడమ్, మీకు సెప్తే తిడతాడు గానీ సెప్తన్నాను. ముందు మా కెప్టెన్ అన్నియ్య గట్టు అనేవోడు. ఒక్క మాట. మేం నలుగురం అటే తిరిగేవోళ్ళం. దాక్కోడానికి ఏటీ లేని సోటైతే కళ్లం. ఇల్లుంటే పాక. పొలాల్లో తిరిగినోళ్ళం కదండి, ఆలోచించక్కర్నేదు."

"మరి ఎందుకు మానేశారు?"

"ఎవలో రాసేరు మేడమ్." ఫోన్ ముందుకు చాపింది.

రూప చదివింది. 'బెల్లం బాయ్స్ మైక్ ఆన్ చేస్తే పొద్దున్నే రైతుబజార్ తెరిచినట్టుంటుంది. గట్టు, కళ్లం, పాక. వీళ్ళు ఆడుతున్నారో వంకాయలు అమ్ముతున్నారో తెలీదు.' కింద రెండే అక్షరాలు. ఆర్.డి.

రూపాదేవి. తనే.

పది నిమిషాల్లో టైప్ చేసి పడేసిన రిపోర్టు అది. ఆఫీసంతా పడీ పడీ నవ్వారు. నలభై వేలమంది షేర్ చేశారు. తను పొంగిపోయింది కూడా. ఆ నవ్వు ఈ గదిలో అయిదు వారాలుగా ఏం చేస్తోందో ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"ఆదివారం పోతే ఏమవుతుంది?" అడిగింది.

"అన్నియ్య సోమారం పరవాడలో కంపెనీ ఉజ్జోగానికెళ్ళిపోతాడు. ఇంట్లో మాటిచ్చేడు. అన్నియ్య నేకపోతే టీమూ నేదు."

ఇంతలో నాలుగో ఆటగాడు పెదబాబు ఫోన్ మోగింది. మాట్లాడి గబగబా చెప్పులు వేసుకున్నాడు. "సుగర్ ఫ్యాక్టరీ నుంచి సెరుకు కొట్టమని కటింగ్ ఆర్డర్ వచ్చేసింది. మబ్బు పట్టింది, ఇప్పుడు సెరుకు తోలకపోతే బండి పొలంలో దిగబడిపోద్ది. మా నాన్న నన్ను నరికేత్తాడు."

"ప్రాక్టీసో?" అన్నాడు గౌరీశంకర్.

"మేడమ్ ఆడతారు," అంది చిన్నారి, రూపను అడగకుండానే.

టీ గ్లాసులతో పైకొచ్చిన ధర్మతేజకు తన పక్క కుర్చీలో రూప కనిపించింది. ఏదో ఇంగ్లీషు వాక్యం వెతుక్కుని, దొరక్క, గ్లాసు చేతికిచ్చేశాడు.

రూప అంత బాగా ఆడదు. ఆడే వాళ్ళ గురించి రాస్తుంది, అంతే. దీవిలో దిగిన మూడో నిమిషానికే ఎదురుగా ఎత్తుగా మట్టి, దాని వెనక ఎవరో కదిలారు. ధర్మతేజ నోరు తెరిచాడు, "ఎనిమీ..."

"గట్టెనకున్నాడు సూడు," అని అరిచింది రూప. "ఎడమేపు, ఎడమేపు, ఒంగున్నాడు సూడు."

మూడు తుపాకులు ఒకేసారి పేలాయి. ఎదుటివాడు పడిపోయాడు.

చిన్నారి హెడ్‌ఫోన్ తీసి రూపను పైనుంచి కిందికి చూసింది. "మేడమ్, మీది వైజాగ్ అన్నారు గదా?"

"మా అమ్మమ్మది ఇక్కడే, పక్కన వడ్డాది," అంది రూప. ముఖం వేడెక్కింది. "చిన్నప్పుడు అక్కడే ఉన్నాను."

వాన దబదబా మొదలైంది. ఆట అయ్యాక బస్సుకని రూప మెట్లు దిగింది కానీ రోడ్డు మీదికి పోయే దారి లేదు. చివరి మెట్టు మీద నిలబడిపోయింది. వెనకే గొడుగుతో ధర్మతేజ వచ్చాడు. గొడుగు తెరిస్తే రెండు కమ్మీలు విరిగి ఉన్నాయి. ఇద్దరూ దాన్నే చూశారు.

"ఒక మాట చెప్పాలి," అంది రూప. "ఆర్.డి. అంటే నేనే. ఆ వంకాయల మాట రాసింది నేను."

అతను గొడుగు ముడిచాడు. "తెలుసండి."

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు మెట్లెక్కకముందే. మీ ఆఫీసోళ్ళు మీ పేరు సెప్పినప్పుడే."

"తెలిసి ఎందుకు రానిచ్చారు? టీ కూడా ఇచ్చారు."

"ఇంటికొచ్చినోళ్ళకి టీ ఇవ్వరేటండి?" ఇంగ్లీషు ఎగిరిపోయింది. "మీరు రాసినవన్నీ సదువుతానండి. రెండేళ్ళ నుంచి. ఓడిపోయిన టీముల గురించి ఎంత బాగా రాస్తారో. మా గురించి ఎప్పుడు రాస్తారా అని సూసేను. రాసేరు. వంకాయలని రాసేరు." నవ్వబోయి ఆగాడు. "ఎవలో అంటే వదిలేద్దును. మీరన్నారు. అందుకని మార్చేసేను."

వాన చినుకులు మెట్టు మీదికి కొడుతున్నాయి. ఇద్దరూ ఒక అడుగు వెనక్కి జరిగారు, అంటే ఒకరి దగ్గరికి ఒకరు.

"వైజాగ్‌లో స్కూల్లో చేరినప్పుడు," రూప మెల్లగా అంది, "మొదటి రోజు టీచర్‌ని 'ఏటండి' అన్నాను. క్లాసంతా నవ్వింది. ఏడాదంతా నన్ను 'ఏటండి' అనే పిలిచారు. నాలుగు నెలల్లో మొత్తం మార్చేసుకున్నాను. ఆ తర్వాత అలా మాట్లాడేవాళ్ళని చూసి నేనే నవ్వడం మొదలుపెట్టాను. ఎవరూ నన్ను గుర్తుపట్టకుండా."

అతను గొడుగు కమ్మీ సరిచేస్తూ, "ఇందాక మైక్‌లో బాగా మాటాడేరు," అన్నాడు.

"ఆదివారం మీరు కూడా అలాగే మాట్లాడండి."

"మళ్ళీ నవ్వుతారండి."

"నవ్వనీయండి. నేను మీ వెనకే కూర్చుంటాను. నవ్వితే ముందు నన్ను చూసి నవ్వాలి."

ఆదివారం ఆమె నిజంగానే వచ్చింది. ఆఫీసు పంపలేదు. సెలవు రోజు, సొంత టికెట్. మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్. ధర్మతేజ మైక్ ఆన్ చేసి గొంతు సవరించుకుని, ఒక్కసారి వెనక్కి చూశాడు. రూప తల ఊపింది.

"ఒరే, పాక ఖాళీ. గౌరీ, నువ్వు గట్టెక్కు. సిన్నారీ, కళ్లం దాటకే, దాటేవంటే నేను రాను నీకోసం."

లైవ్ చూస్తున్న వేలమంది కామెంట్లలో నవ్వే బొమ్మలు మొదలయ్యాయి. రూప లైవ్ నడుస్తున్న రెండో ఫోన్‌ని అవతలికి తిప్పేసింది. పదహారు టీములు పది అయ్యాయి. పది ఆరు. ఆరు నాలుగు. పెదబాబు పోయాడు. ధర్మతేజ ఒకటే మాట, ఒకటే మాట, మిగిలిన ఇద్దరూ అటే తిరుగుతున్నారు, మధ్యలో ఊపిరి తీసుకునే ఖాళీ కూడా లేదు. ఎదురుగా హైదరాబాద్ టీమ్. "గట్టెనక ఇద్దరు. ఆగు. ఆగు. ఇప్పుడు."

ఆ టీమ్ పోయింది. మూడు టీములు మిగిలాయి. అంటే మూడో స్థానం ఖాయం. అంటే లీగ్‌లో ఉన్నట్టే. ఇంకో నిమిషానికి వీళ్ళూ పోయారు. మూడో స్థానమే. పెదబాబు గోడకు ఆనుకుని కూలబడి, "సాలు బాబూ, సాలు," అన్నాడు. గౌరీశంకర్ వాళ్ళమ్మకు ఫోన్ చేసి ఏమీ చెప్పకుండా నవ్వుతూ ఉండిపోయాడు.

ధర్మతేజ హెడ్‌ఫోన్ తీసి రూప వైపు తిరిగాడు. జుట్టంతా చెమటకు నుదుటికి అంటుకుపోయింది. "ఇప్పుడు రాస్తారా ప్రొఫైల్?"

"రాయను."

అతని ముఖం వాడిపోయింది. "మళ్ళీ ఏటి చేసేనండి?"

"ఇకమీదట మీ టీమ్ గురించి నేనెప్పుడూ రాయను. మా ఆఫీసులో ఉదయ్‌కుమార్ అని ఇంకొకతను ఉన్నాడు, అతను రాస్తాడు. చాలా ఘాటుగా రాస్తాడు, చెప్తున్నాను."

"ఎందుకండి?"

రూప పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. "ఇష్టమైన మనిషి గురించి రాస్తే చదివేవాళ్ళు నమ్మరు కదా."

పెదబాబు గోడ దగ్గర నుంచి లేచాడు. చిన్నారి రెండు చేతులతో నోరు మూసుకుంది. ధర్మతేజకు అర్థం కావడానికి కచ్చితంగా మూడు క్షణాలు పట్టింది.

తర్వాత అతను తన పక్క కుర్చీని దగ్గరికి లాగాడు.

"రాయనీయండి అతన్ని, ఎంత ఘాటుగానైనా," అన్నాడు. "అది మీరు ఇక్కడ కూకుని నాకు సదివి ఇనిపిస్తే సాలు."